రాష్ట్రపతి క్షమిస్తే పోయేది శిక్షా, నేరమా?

అమీర్‌పేట అక్క · శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. వీసా ఫారంలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయి ఇక్కడికి వచ్చాను. కొంచెం పెద్ద కథ, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడి కూతురు అమెరికాలో ఎమ్మెస్ పూర్తి చేస్తోంది. కాన్వొకేషన్‌కి వాడు వెళ్లాలని మా ఇంట్లోనే కూర్చుని డీఎస్-160 నింపుతున్నాం. పేర్లు, పాస్‌పోర్టు నంబరు, పాత ఉద్యోగాలు అన్నీ అయ్యాయి. సెక్యూరిటీ ప్రశ్నల పేజీలో ఒకటి వచ్చింది. మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏదైనా నేరంలో దోషిగా తేలారా, తర్వాత పార్డన్, అంటే క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పాలి అని. కింద అవును, లేదు అని రెండు గుండ్రాలు.

2011లో తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా వాడిని ఒక ర్యాలీలో అరెస్ట్ చేశారు. వాడప్పుడు కాలేజీ లెక్చరర్. ఆ తర్వాత బెయిలు, వాయిదాలు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ఆ కేసు ఎత్తేసింది. మా బావగారు పక్కనే కూర్చుని "ఎత్తేశారంటే క్షమించినట్టేగా. క్షమిస్తే నేరమే లేనట్టు. లేదు అని కొట్టేయ్" అన్నారు. మా వాడు మౌస్ వదిలేసి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

నాకు రెండు విషయాలు తెలియాలి. కేసు ఎత్తేయడం, క్షమించడం ఒకటేనా? రాష్ట్రపతి లాంటి వాళ్లు నిజంగా క్షమిస్తే నేరం కూడా పోతుందా, లేక శిక్ష మాత్రమే పోతుందా?

నాంపల్లి వకీలు · శనివారం, రాత్రి 9:48

అక్కా, ముందు ఒక్క మాట. "లేదు" అని మాత్రం కొట్టకండి. ఆ ప్రశ్న అడుగుతున్నది శిక్ష గురించి ఒక్కటే కాదు, అరెస్టు గురించి కూడా. అరెస్ట్ అయ్యాడు కాబట్టి జవాబు "అవును". కింద వివరం రాసే జాగా ఇస్తారు, ఉన్నది ఉన్నట్టు రాయండి. అబద్ధం చెప్పి దొరికితే వచ్చే చిక్కు ఆ పాత కేసు కంటే చాలా పెద్దది.

ఇక మీ మొదటి ప్రశ్న. కేసు ఎత్తేయడం క్షమాభిక్ష కాదు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 321, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 360. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతి తీసుకుని "ఈ కేసు ఇక నడపం" అంటాడు. కోర్టు చార్జ్ ఫ్రేమ్ చేయకముందు, అంటే అభియోగాలు ఖరారు చేయకముందు అయితే నిందితుడు డిశ్చార్జ్ అవుతాడు, అంటే కేసు నుంచి బయటపడతాడు, తర్వాత అయితే అక్విటల్, అంటే నిర్దోషి. మీ తమ్ముడిని ఏ కోర్టూ దోషి అనలేదు. దోషి కానివాడిని క్షమించడం మన చట్టంలో లేదు.

రాజ్యాంగం 72వ అధికరణం చదవండి. "నేరంలో దోషిగా తేలిన వ్యక్తి" విషయంలోనే రాష్ట్రపతికి ఆ అధికారం. 161లో గవర్నర్‌కీ అంతే. తీర్పు వచ్చాకే క్షమ.

డాలస్ నుంచి · శనివారం, రాత్రి 10:05

వకీలు గారూ, అమెరికాలో సంగతి వేరు సార్. ఇక్కడ అధ్యక్షుడు కేసు పెట్టకముందే క్షమించొచ్చు. 1974 సెప్టెంబర్ 8న ఫోర్డ్ నిక్సన్‌ని క్షమించినప్పుడు నిక్సన్ మీద చార్జిషీటు కూడా లేదు. 2024 డిసెంబర్ 1న బైడెన్ కొడుకుకి ఇచ్చిన దానిలో అయితే పదేళ్లకు పైగా కాలం మొత్తం కవర్ చేశారు. ఇక్కడి రాజ్యాంగంలో "దోషిగా తేలిన వ్యక్తి" అనే షరతు లేదు, "అమెరికాకు వ్యతిరేకంగా చేసిన నేరాలు" అని ఉంది. అందుకే ఆ తేడా. అయితే అది ఫెడరల్ నేరాలకే. టెక్సస్ చట్టం కింద పడ్డ శిక్షను వైట్‌హౌస్ ముట్టుకోలేదు.

క్యాబినెట్ సలహా కూడా అక్కర్లేదు. ఒక్కడే కూర్చుని సంతకం పెట్టేయొచ్చు.

అమీర్‌పేట అక్క · శనివారం, రాత్రి 10:11

మన రాష్ట్రపతి కూడా ఒక్కరే నిర్ణయిస్తారనే నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. కాదా?

ఓయూ లా ఫైనలియర్ · శనివారం, రాత్రి 10:30

కాదు అక్కా. 1980లో మారూ రామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రపతి, గవర్నర్ ఇద్దరూ మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలి. ఫైలు కేంద్ర హోం శాఖ నుంచి వెళ్తుంది. రాష్ట్రపతికి నచ్చకపోతే ఒకసారి తిరిగి ఆలోచించమని వెనక్కి పంపొచ్చు. మళ్లీ అదే సలహా వస్తే దాని ప్రకారమే చేయాలి.

అందుకే పేపర్లో "రాష్ట్రపతి దయ చూపలేదు" అని రాస్తే నాకు బాధేస్తుంది. ఆ నిర్ణయం ప్రభుత్వానిది, సంతకం రాష్ట్రపతిది.

అసలు 72లో ఉన్నది ఒక్క క్షమ కాదు. మాకు క్లాసులో మొదట చెప్పింది ఇదే. పూర్తి క్షమాభిక్ష ఒకటి. ఉరిని యావజ్జీవం చేయడం లాంటి మార్పిడి ఒకటి. శిక్ష రకం మార్చకుండా కాలం తగ్గించడం రెమిషన్. గర్భిణి అనో, జబ్బు అనో ప్రత్యేక కారణంతో తేలిక శిక్ష వేయడం ఒకటి. శిక్ష అమలును కొన్నాళ్లు ఆపడం ఒకటి. మన దేశంలో వార్తల్లోకి వచ్చేవి దాదాపు అన్నీ మార్పిడో, రెమిషనో. పూర్తి క్షమ చాలా అరుదు. పెద్దవాళ్లకు గుర్తుండే ఉదాహరణ హత్య కేసులో శిక్ష పడ్డ నేవీ అధికారి నానావతి, 1964లో మహారాష్ట్ర గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ ఇచ్చారు.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ · శనివారం, రాత్రి 11:02

అక్కా, మీ రెండో ప్రశ్నకి మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

మా చిన్నాన్న పొలం గట్టు గొడవలో హత్య కేసులో యావజ్జీవం పడి చర్లపల్లిలో ఉన్నాడు. చేసింది తప్పే. మా ఇంట్లో ఎవరమూ కాదనం. సత్ప్రవర్తన కింద గవర్నర్ ఆమోదంతో విడుదల చేసే జాబితాలో ఒక ఏడాది ఆయన పేరు వచ్చింది. జీవో కాగితం మీద వరస నంబరు, ఖైదీ నంబరు, తండ్రి పేరు. మా నాన్న ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసి బీరువాలో పెట్టుకున్నాడు, ఇప్పటికీ ఉంది.

జైలు గేటు బయట ఆయన చేతిలో ఒక గుడ్డ సంచి, లోపల పనిచేసి సంపాదించిన కూలి డబ్బు. ఊరికి తీసుకెళ్తే కొందరు "కేసు కొట్టేశారంట కదా, మంచిదైంది" అన్నారు. చిన్నాన్న ఆ మాటకి తల అడ్డంగా ఊపాడు. "కొట్టెయ్యలేదు. పంపించారు అంతే" అన్నాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అడుగుతున్నా, ఆయనన్నది చట్టప్రకారం కూడా కరెక్టేనా సార్?

నాంపల్లి వకీలు · శనివారం, రాత్రి 11:40

నూటికి నూరు పాళ్లు కరెక్ట్ తమ్ముడూ. మీ చిన్నాన్న ఒక్క ముక్కలో చెప్పింది సుప్రీంకోర్టు ఒక తీర్పు మొత్తం రాసి చెప్పింది. శరత్ చంద్ర రాభా కేసు, అస్సాం నుంచి వచ్చింది. ఒకాయనకు మూడేళ్ల శిక్ష పడింది. ప్రభుత్వం రెమిషన్ ఇస్తే ముందే బయటికొచ్చి ఎన్నికల్లో నామినేషన్ వేశాడు. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడ్డవాళ్లు పోటీకి అనర్హులు. "జైల్లో ఉన్నది రెండేళ్లలోపే కదా, శిక్ష తగ్గినట్టే కదా" అని వాదన. కోర్టు ఒప్పుకోలేదు. రెమిషన్ శిక్ష అమలును తగ్గిస్తుంది గానీ కోర్టు వేసిన శిక్షను తగ్గించదు, తీర్పును అసలే ముట్టుకోదు అంది. అప్పీలు కోర్టు శిక్ష తగ్గిస్తే అది తీర్పు మారినట్టు. ప్రభుత్వం తగ్గిస్తే తీర్పు తీర్పులాగే ఉంటుంది.

మా అమ్మమ్మ వాళ్లకి ఊళ్లో కిరాణా కొట్టు ఉండేది. కరువు ఏడాది కొందరి బాకీ మాఫీ చేసేవారు. పద్దు పుస్తకంలో ఆ పేజీ చింపేవారు కాదు. మొత్తం మీద అడ్డగీత గీసి "మాఫీ" అని రాసి తేదీ వేసేవారు. ఇక ఎవరూ వసూలుకి రారు. కానీ గీత కింద అంకెలు కనిపిస్తూనే ఉండేవి. రెమిషన్ అంటే నాకు ఆ పేజీ గుర్తొస్తుంది.

పూర్తి క్షమాభిక్ష దీనికంటే పెద్దది. దానితో శిక్షతో పాటు దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హతలు కూడా పోతాయని చట్టం చెప్తుంది. అయినా "ఆ పని ఇతను చేయలేదు" అని రాష్ట్రపతి తీర్పు రాసినట్టు మాత్రం కాదు. 1988లో కేహర్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ ముడి విప్పింది. రాష్ట్రపతి సాక్ష్యాలన్నీ మళ్లీ చూసుకోవచ్చు, కోర్టు అభిప్రాయానికి భిన్నమైన అభిప్రాయానికి కూడా రావొచ్చు. కానీ కోర్టు రికార్డును మార్చడు, తీర్పును కొట్టేయడు. రెండూ వేర్వేరు గదులు.

డాలస్ నుంచి · ఆదివారం, ఉదయం 6:15

ఇక్కడా ఇదే గొడవ వందేళ్లకు పైగా నడుస్తోంది సార్. 1867లో గార్లండ్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, క్షమాభిక్ష వస్తే చట్టం దృష్టిలో ఆ మనిషి ఎన్నడూ నేరం చేయనివాడితో సమానం అనేసింది. అక్క వాళ్ల బావగారి వాదన అదే. తర్వాతి కోర్టులు మెల్లగా దాన్ని వెనక్కి లాగాయి. 1914లో ఒక కేసులో, క్షమించిన పాత నేరాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఒకణ్ణి రెండోసారి నేరస్తుడిగా శిక్షించొచ్చు అన్నారు.

మరుసటేడు బర్డిక్ కేసు వచ్చింది. ఆయన న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో సిటీ ఎడిటర్. వార్త ఎవరిచ్చారో చెప్పమంటే, నా మీదకే కేసు వస్తుంది కాబట్టి చెప్పను అన్నాడు. ఆ సాకు లేకుండా చేయడానికి అధ్యక్షుడు విల్సన్ ముందే క్షమాభిక్ష రాసి పంపాడు. బర్డిక్ తీసుకోలేదు! నాకు వద్దు అన్నాడు. కోర్టు ఆయన వైపే నిలబడింది. క్షమ తీసుకోవడంలో తప్పు ఒప్పుకున్నట్టు ఒక మచ్చ ఉంటుంది, కాబట్టి వద్దనే హక్కు ఉంది అంది. నిక్సన్‌ని క్షమించిన ఫోర్డ్ తర్వాత రోజుల్లో ఆ తీర్పులోని ముక్క కాగితం మీద రాయించి పర్సులో పెట్టుకుని తిరిగేవాడు. ఎవరైనా నిలదీస్తే తీసి చూపించేవాడు.

ఇక్కడ చాలామంది ఆ ఒక్క వాక్యం పట్టుకుని "క్షమ తీసుకున్నాడంటే ఒప్పుకున్నట్టే" అంటారు. 2021లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు అది సరికాదంది. ఒక మాజీ సైనికాధికారి క్షమాభిక్ష తీసుకున్నాక కూడా తన శిక్ష తప్పని కోర్టులో పోరాడతానన్నాడు. తీసుకున్నంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు, పోరాడే హక్కు ఉంది అని తీర్పు.

దిల్‌సుఖ్‌నగర్ 2013 · ఆదివారం, ఉదయం 8:50

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. ఎవరూ ఏమనుకోవద్దు.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మా వీధిలో అబ్బాయి 107 బస్టాప్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాడు. కోచింగ్ క్లాసు అయిపోయి ఇంటికి వస్తున్నాడు. 18 మంది పోయిన దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్లలో వాడూ పోయాడు. వాళ్ల అమ్మ ఇప్పటికీ ఆ బస్టాప్ వైపు నుంచి వెళ్లదు, చుట్టూ తిరిగి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ కేసు దోషులు ఐదుగురికీ ఉరి ఖాయం చేసింది. ఆ రోజు ఆమె టీవీ ఆపేసి దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చుంది. ఏడవలేదు, నవ్వలేదు.

ఇప్పుడు మీరంతా క్షమ గురించి ఇంత ప్రేమగా మాట్లాడుతుంటే నేను ఒకటే అడుగుతాను. రేపు అర్జీ పెడతారు కదా. ఆ అర్జీ వెళ్లే ఫైల్లో ఆ తల్లి మాట ఎక్కడ ఉంటుంది?

ఓయూ లా ఫైనలియర్ · ఆదివారం, ఉదయం 9:30

మీరు అడగాల్సిందే అడిగారు. ఇందులో ఏమనుకోవడానికి ఏమీ లేదు.

హైకోర్టు తర్వాత సుప్రీంకోర్టు మెట్టు ఉంటుంది. అక్కడ కూడా ఖాయమైతేనే క్షమాభిక్ష దశ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 472లో దీనికి గడువులు పెట్టారు. పై కోర్టు తీర్పు సంగతి జైలు సూపరింటెండెంట్ ఖైదీకి చెప్పిన 30 రోజుల్లోపు అర్జీ పెట్టాలి. ముందు గవర్నర్‌కి, అక్కడ తిరస్కరిస్తే 60 రోజుల్లో రాష్ట్రపతికి. కేంద్రం రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం తీసుకుని 60 రోజుల్లో తన సిఫార్సు పంపాలి. రాష్ట్రపతికి మాత్రం గడువు లేదు. బాధిత కుటుంబాన్ని పిలిచి వినాలని ఆ సెక్షన్‌లో లేదు. ఖైదీని కూడా నేరుగా వినాలని లేదు, కేహర్ సింగ్ కేసులోనే ఆ హక్కు లేదన్నారు. అంతా కాగితాల మీదే.

ఇంకో విషయం కూడా ఉంది. అదే సెక్షన్ ఏడో క్లాజులో, రాష్ట్రపతి లేదా గవర్నర్ నిర్ణయం మీద ఏ కోర్టులోనూ అప్పీలు లేదు, ఎలా నిర్ణయించారని ఏ కోర్టూ విచారించకూడదు అని రాశారు. అంటే తప్పుడు క్షమ ఇచ్చినా అడిగే దిక్కు లేనట్టే అనిపిస్తోంది నాకు.

నాంపల్లి వకీలు · ఆదివారం, ఉదయం 10:20

ఇక్కడ ఒప్పుకోను తమ్ముడూ. మామూలు చట్టంలో ఒక క్లాజు రాసి రాజ్యాంగం కోర్టుకిచ్చిన సమీక్ష అధికారాన్ని తీసేయలేరు. ఆ అధికారం ఇచ్చే 32, 226 అధికరణాలు అలాగే ఉన్నాయి. అప్పీలు లేదు అంటే సరే, క్షమించాలా వద్దా అని కోర్టు తన నిర్ణయం పెట్టదు. ఎలా నిర్ణయించారో మాత్రం చూస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ గారూ, మీ ప్రశ్నకి అసలు జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. ఏపూరు సుధాకర్ కేసు, 2006. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు జిల్లాలో ఒక రాజకీయ నాయకుడికి హత్య ఘటనలో పదేళ్ల శిక్ష పడింది. కొన్నాళ్లు లోపలున్నాక మిగతా శిక్షను గవర్నర్ రద్దు చేశారు. చనిపోయినవాళ్ల కొడుకులు ఊరుకోలేదు, నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఫైలు తెప్పించి చూస్తే, దాంట్లో ఒక అధికారి రిపోర్టులో ఆ దోషి గురించి "మంచి కాంగ్రెస్ కార్యకర్త" అని రాసి ఉంది. ఆ మాటకి శిక్ష తగ్గించడానికి ఏం సంబంధం అని కోర్టు నిలదీసింది. ఉత్తర్వు కొట్టేసింది.

జస్టిస్ పసాయత్, జస్టిస్ కపాడియా అక్కడ గీసిన గీతలే ఇవాళ్టికీ కొలబద్ద. బుర్ర పెట్టకుండా ఇచ్చినా, దురుద్దేశంతో ఇచ్చినా, సంబంధం లేని కారణాలు చూసి ఇచ్చినా, చూడాల్సిన కాగితాలు చూపించకుండా ఇచ్చినా, ఇష్టారాజ్యంగా ఇచ్చినా కోర్టు ఆపుతుంది. కులం, మతం, పార్టీ చూసి ఇవ్వడానికి వీల్లేదు. ఆ కొడుకులు వెళ్లి ఉండకపోతే ఆ ఫైలు తెరిచేవాళ్లే లేరు. కాబట్టి ఆ తల్లికి ఫైల్లో చోటు లేకపోయినా కోర్టు గుమ్మం ఉంది. అది చాలదని మీరంటే నేనూ చాలదనే అంటాను. ముందే వినాలి, వినేలా చట్టం రాయాలి.

పాత ముషీరాబాద్ · ఆదివారం, మధ్యాహ్నం 12:15

నాకిప్పుడు డెబ్భై దాటాయి. మోకాళ్ల నొప్పికి నెలకోసారి గాంధీ ఆస్పత్రికి వెళ్తాను. మెట్రో దిగి గేటులోకి నడుస్తుంటే ఇప్పటి పిల్లలకు అది ఆస్పత్రి. నాకు అది ముషీరాబాద్ జైలు. పాత జైలు జాగాలోనే ఆ ఆస్పత్రి కట్టారు.

1975 డిసెంబర్ 1 తెల్లవారుజామున అక్కడ భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. నక్సలైట్ ఉద్యమంలో ఉన్న ఆదిలాబాద్ రైతులు. ఎమర్జెన్సీ రోజులు. అంతకుముందు తేదీ పెట్టి చివరి గడియలో ఆగిన సందర్భమూ ఉంది. మేం చదువుకునే కుర్రాళ్లం. క్షమాభిక్ష కోసం సంతకాలు సేకరిస్తూ తిరిగాం. నేను తెల్ల ఫుల్‌స్కేప్ కాగితం మీద స్కేలుతో గళ్లు గీసి పట్టుకెళ్లేవాణ్ణి. ఒక ఇరానీ హోటల్లో టేబుల్ టేబుల్‌కీ తిరిగితే ఒక ముసలాయన చదవడం రాదని వేలిముద్ర వేశాడు. సాసర్లో చాయ్ ఒలికి ఆ కాగితం మూల తడిసింది. ఆ తడి మరకతోనే అది ఢిల్లీ వెళ్లింది. రాష్ట్రపతి ఒప్పుకోలేదు.

వాళ్ల కేసు సుప్రీంకోర్టుకి కూడా వెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఉరి ఆపలేదు, అది రాష్ట్రపతి చూసుకోవాల్సిన పని అన్నారు. కానీ ఆ తీర్పులో రెండు మాటలు రాశారు. ఏ అధికారమైనా, రాజ్యాంగం ఇచ్చిన అధికారమైనా సరే, ఇష్టమొచ్చినట్టు, దురుద్దేశంతో వాడకూడదు అని ఒకటి. ఒక అర్జీ తిరస్కరించినంత మాత్రాన క్షమించే అధికారం అయిపోదు అని ఇంకొకటి. వకీలు గారు చెప్పిన ఏపూరు సుధాకర్ తీర్పు ఆ మొదటి మాటను ఎత్తి చూపించింది.

రెండో మాట విలువ నాకు చిలకలూరిపేట కేసులో తెలిసింది. 1993 మార్చి 8న బస్సు తగలబెట్టిన కేసు. 23 మంది కాలిపోయారు. దోపిడీకి వెళ్లి అంత ఘోరం జరిగింది. ఇద్దరు దళిత కుర్రాళ్లకు ఉరి. శంకర్ దయాళ్ శర్మ అర్జీ తిరస్కరించారు. 1997 మార్చిలో రాజమండ్రిలో అన్నీ సిద్ధం చేశాక ఉరి ఆగింది. హక్కుల సంఘాల వాళ్లు, కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్లు తిరిగారు. బెంగాల్ నుంచి రచయిత్రి మహాశ్వేతాదేవి కదిలి వచ్చారు. మళ్లీ అర్జీ పెట్టారు. 1998లో కె.ఆర్.నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. మా కాగితం ఆపలేకపోయిన చోట ఈ కాగితం ఆపింది.

ఆ 23 కుటుంబాల దుఃఖం చిన్నది కాదు, దిల్‌సుఖ్‌నగర్ బాబూ. నేను ఆ బస్సు ఫొటో చూసి రెండు రోజులు అన్నం తినలేదు. అయినా ఆ ఇద్దరు బతికినందుకు సంతోషించాను. రెండూ నాలోనే ఉన్నాయి, ఒకదాన్ని తీసేయడం నావల్ల కాలేదు.

దిల్‌సుఖ్‌నగర్ 2013 · ఆదివారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, మీరు వయసులో పెద్దవారు. మీ మాట కాదనను. కానీ నేను మారలేదు. ఆ అబ్బాయి సైకిలు మా మెట్ల కింద ఇంకా ఉంది.

ఆ ఫైలు మాత్రం ఏళ్ల తరబడి పక్కన పడెయ్యకుండా ఏదో ఒకటి త్వరగా తేల్చాలి. ఆ తల్లి కూడా అదే అంటుంది.

ఓయూ లా ఫైనలియర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:25

ఆ ఆలస్యం గురించే 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ తీర్పు వచ్చింది. కారణం లేకుండా ఏళ్ల తరబడి అర్జీ నాన్చితే అదే ఒక హింస, దానివల్ల ఉరి యావజ్జీవంగా మార్చొచ్చు అన్నారు. ఒకే రోజు 15 మందికి అలా మారింది. తిరస్కరించాక కనీసం 14 రోజులు ఆగాలి, కుటుంబానికి ముందే చెప్పాలి అని కూడా పెట్టారు. అంతకు ముందు ఏడాది అఫ్జల్ గురు ఉరి కబురు చెప్పే స్పీడ్ పోస్టు ఆయన ఇంటికి ఉరి అయిపోయిన తర్వాత చేరింది. ఎవరి మీద ఏ అభిప్రాయం ఉన్నా, భార్యకి ఆ ఉత్తరం అలా చేరకూడదు.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ · ఆదివారం, సాయంత్రం 5:40

వకీలు గారూ, కిరాణా కొట్టు పద్దు గురించి మీరు రాసింది చిన్నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఇప్పుడు ఊళ్లోనే కోళ్ల ఫారంలో పనిచేస్తాడు. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, చనిపోయినాయన ఇంటివాళ్లని కూడా అప్పుడు ఎవరైనా అడిగారా అని. నాకు తెలియదు అన్నాను. వాళ్ల పెద్దబ్బాయి ఇప్పుడు ఆ పక్క పొలమే చేసుకుంటున్నాడు. ఇద్దరూ బోరు దగ్గర ఎదురైతే పలకరించుకోరు, కానీ నీళ్ల వంతు మాత్రం ఎవరూ తప్పరు.

అమీర్‌పేట అక్క · బుధవారం, రాత్రి 8:30

అందరికీ చాలా థాంక్స్. సోమవారం పొద్దున్నే తమ్ముణ్ణి తీసుకుని నాంపల్లి కోర్టుకి వెళ్లాను. కాపీయింగ్ సెక్షన్‌లో అప్లికేషన్ పెట్టి కేసు నంబరు ఇస్తే, పాత రిజిస్టర్ తీసి వెతికారు. ఈరోజు సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చింది. మూడు పేజీలు. ప్రాసిక్యూషన్ ఉపసంహరణకు అనుమతిస్తూ నిందితులను డిశ్చార్జ్ చేస్తున్నాం అని ఉంది. కింద రౌండ్ సీలు.

వకీలు గారు చెప్పినట్టు "అవును" అనే కొట్టాం. ఏ తేదీన, ఏ ర్యాలీలో, ఏ సెక్షన్ కింద, ఎప్పుడు డిశ్చార్జ్ అయ్యాడో నాలుగు లైన్లు రాసి, ఇంటర్వ్యూకి కాపీ తీసుకెళ్లేలా ఫైల్లో పెట్టాం.

మా బావగారు కాపీ మొత్తం చదివి "ఇందులో క్షమించాం అని ఎక్కడా లేదే" అన్నారు. మా తమ్ముడు అప్పటిదాకా మాట్లాడనివాడు, కాపీని కవర్లో పెడుతూ అన్నాడు. "లేదు బావగారూ. నేను క్షమించమని ఎవర్నీ అడగలేదు."

ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్లి వాడికి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

ఇంటర్వ్యూ తేదీ వచ్చే నెల 14. ఏమైందో రాస్తాను.